స్కోరు చూసి మనిషిని తూస్తామా?

ఈమధ్య ఆరాధన అయ్యాక గోపాలపూర్ నుంచి వచ్చే ఒక సహోదరి మా దగ్గర ఆగింది. "కార్డు ఇవ్వరంట అయ్యగారూ, సిబిల్ బాగాలేదంట" అంది. ఆమె అడిగింది లక్షలు కాదు. చేపల వ్యాపారానికి చేయి ఆడేలా ఒక చిన్న క్రెడిట్ కార్డు.

ఆమె భర్త సూరత్ మగ్గాల్లో పనిచేసేవాడు. 2020 లాక్‌డౌన్‌లో గంజాం కూలీలు ఎలా తిరిగొచ్చారో మనం కళ్లారా చూశాం. రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాలకు గడువు ఇచ్చింది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. గడువు తీరేసరికి ఇంట్లో పని లేదు, గుమ్మంలో అప్పులవాళ్లు ఉన్నారు. చెవిదిద్దులు అమ్మి, కొంత తగ్గించమని బతిమాలి ఆమె ఖాతా తేల్చుకుంది. బాకీ తీరిందనుకుంది. రిపోర్టులో మాత్రం "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడింది. ఆ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలి, అప్పటికి మాకూ తెలియదు.

300 నుంచి 900 దాకా ఉండే ఒక అంకెలో మనిషి నమ్మకాన్ని కొలుస్తున్నారు. మగ్గం ఆగిందనీ, ఫైలిన్ పడవను విరిచిందనీ రాసుకునే గడి అందులో లేదు. బ్యాంకుల సంగతి సరే, మన మాటేమిటి? అప్పు చేయడం పాపమని పుల్పిట్ మీద గట్టిగా చెబుతాం. నెహెమ్యా 5వ అధ్యాయంలో ఆ ప్రవక్తలాంటి అధికారి కోప్పడింది కరువులో పొలాలు తాకట్టు పెట్టిన పేదల మీద కాదు, వాళ్ల దగ్గర వడ్డీ గుంజిన పెద్దల మీద. ఆ అధ్యాయం మీద మీ సంఘంలో ప్రసంగం విని ఎన్నాళ్లయింది?

సహకార పరపతి మనకు కొత్త కాదు. జర్మనీ పల్లెల్లో రైఫైజెన్ మొదలుపెట్టిన సంఘాల్లో ఇరుగుపొరుగుకు తెలిసిన నడవడే హామీ. ఆ పద్ధతిని ఇక్కడికి తేవాలని ఫ్రెడరిక్ నికల్సన్ నివేదిక రాసింది మద్రాసు ప్రభుత్వానికే. 1904లో చట్టం వచ్చేనాటికి మన గంజాం ఆ మద్రాసులోనే ఉంది. అలాంటి గడ్డ మీద ఇప్పుడు పొరుగువాడి మాటకు విలువ లేదు.

యువతీ యువకులారా, మీ అమ్మానాన్నల కోసం ఈ పని చేయండి. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీసి చూడండి. తప్పు ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. "సెటిల్డ్" అని ఉంటే, తగ్గించిన మొత్తం కూడా కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకుని, "క్లోజ్డ్"గా మార్చమని అడగండి. డబ్బిస్తే సిబిల్ కడిగేస్తామనే ఏజెంట్లను నమ్మకండి. నిజంగా జరిగినదాన్ని ఎవరూ చెరపలేరు. ఒక బ్యాంకు కాదంటే వెంటనే ఇంకో నాలుగింటికి దరఖాస్తు పెట్టకండి, ఆ విచారణలూ రిపోర్టులో చేరతాయి.

దగ్గరి దారి ఒకటుంది. తన పేరున చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుంటే దాని మీద కార్డు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. కొద్దిగా వాడాలి, గడువులోగా పూర్తి బిల్లు కట్టాలి. "మినిమం డ్యూ" అనే గడి వైపు చూడనే కూడదు, మిగతాదాని మీద వడ్డీ కత్తిలా కోస్తుంది. ఓపికగా నడిపితే స్కోరు మెల్లగా లేస్తుంది.

ఆ డిపాజిట్‌కు పదివేలు ఎక్కడివి అంటారా? బరంపురంలో గోపురాల కోసం, ప్రహరీ గోడల కోసం ఏళ్ల తరబడి డబ్బు బ్యాంకులో దాచుకున్న సంఘాలు ఉన్నాయి. మా సంఘమూ అందులో ఒకటే. ఆ నిధి నుంచి పదివేలు ఆ సహోదరి పేరున వేయాలని కమిటీలో అడిగాం. "ఆమె తిరిగి ఇస్తుందని గ్యారంటీ ఏమిటి?" అన్నారు ఒక పెద్ద. బ్యాంకు అడిగిన ప్రశ్నే అది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం మొత్తం ముందు మళ్లీ అడుగుతున్నాం. ఈసారి ఆమె కూడా ఉంటుంది, కాదనేవాళ్లు ఆమె ముఖం చూసి అనాలి.