కనుమనాటి కృతజ్ఞత

సంక్రాంతి వచ్చినది. భోగిమంటలు, ముగ్గులు, గొబ్బెమ్మలు, కొత్తబియ్యపు పొంగలి ఎట్లున్నను, మాకు కనుమయే మిక్కిలి ప్రియమైనది. ఏడాది పొడవున కాడిమోసిన పశువును కడిగి, కొమ్ములకు రంగులు దిద్ది, కడుపునిండ మేపు దినమది. ఆనాడే తమిళ సోదరులు మాట్టుపొంగల్ జరుపుదురు. మరునాడు వారికి కాణుంపొంగల్, బంధువులను చూచి పెద్దల ఆశీస్సు లందుకొను దినము. పేరులలో పోలిక వినబడినను దినములు వేరు. ఇరుగుపొరుగుల పళ్లెరములు మాత్రము రెండు దినములును అటునిటు తిరుగుచునే యుండును! నాయకరాజుల నాటినుండి మనవారి ననేకుల నాదరించిన ఈ గడ్డకు మనము ఋణపడియున్నాము.

ఇంటిలోపలి ఋణము మరియొకటి కలదు. బడిలో దొరకని తెలుగును మనకు నిలిపినవారు మన అవ్వలు. దంపుళ్ల పాట, పొడుపుకథ, పిండివంటల పేరు, తుదకు తిట్టును దీవెనయు కూడ వారి నోటినుండియే వచ్చినవి. వారిలో పెక్కండ్రకు అక్షరము రాదు. 2006 నాటి చట్టముతో తమిళనాట బడులలో తమిళము తప్పనిసరి యైనది. దానిని నేర్చుట మనకు మేలే. కాని తెలుగు వ్రాత ఇంటివారి శ్రద్ధకు మిగిలినది. పిల్లలు అవ్వతో తెలుగున మాటలాడుదురు. అవ్వ పేరును తెలుగున వ్రాయలేరు. ఆమెకు బడియే దొరకలేదు. బడి దొరికిన మనవనికిని తెలుగు అక్షరము దొరకకపోవుట మాకు సిగ్గుగా తోచుచున్నది.

కనుమనాడు అవ్వకు చీరపెట్టి నమస్కరించుట ఎట్లును జరుగును. దానితోబాటు ఆమె చెప్పిన మాటలను నాలుగు పంక్తులు మనవడో మనవరాలో తెలుగు లిపిలో వ్రాసి, ఆమెకు చదివి వినిపించి, మాకు పంపవలెనని కోరుచున్నాము. తప్పులు దిద్దము. వచ్చినది వచ్చినట్లే అచ్చువేయుదుము.