తాళము పరీక్షించువాడు దొంగయా?

సైబరు భద్రతారంగమున సంత నొకదానిని నెలకొల్పవలెననియు, అందులకు మూలధనము సంపాదింపవలెననియు మన యువకులు పలువురు ఉబలాటపడుచున్నారు. 2015లో హైదరాబాదున టి-హబ్ వెలసిన పిదప స్టార్టప్ అను మాట మన చిన్న పట్టణముల పఠనమందిరములలో సహితము వినవచ్చుచున్నది. ఉత్సాహము మెచ్చదగినదే. కాని ఈ సంతలో అమ్ముడుపోవు సరకేమి, కొనువాడెవ్వడు, నడుమనున్న దలారి చేయవలసిన పని యేమి అను ప్రశ్నలకు జవాబు సిద్ధపరచుకొనకయే ధనికుల గుమ్మమెక్కువారిని చూడగా మాకు కొంత దిగులు కలుగుచున్నది.

సరకు విచిత్రమైనది. ఒక కంపెనీవారి వెబ్‌సైటులోనో మొబైలు యాప్‌లోనో దాగియున్న లొసుగు అది. దానిని కనిపెట్టినవాడు హ్యాకరు. బియ్యమైనచో గుప్పెడు చేతబోసి చూపవచ్చును. బట్టయైనచో మడత విప్పి చూపవచ్చును. లొసుగును చూపితిమా, చూచినవాడు దాని నెరుగును. ఎరిగిన పిదప ధర చెల్లించుట యెందులకు? చూపనిచో వాడు నమ్ముట యెట్లు? 2007లో స్విట్జర్లాండున వబిసబిలబి అను పేర లొసుగులను వేలమువేయు సంత నొకదానిని తెరచిరి. అది నిలువలేదు. ఆ యేడే చార్లీ మిల్లరను అమెరికా పరిశోధకుడు తాను లొసుగుల నమ్మబోయి పడిన పాట్లను ఒక వ్యాసమున వివరించెను. న్యాయమైన ధర యేదో తెలియదు, కొనువాడెవ్వడో తెలియదు, మాట నిలుపుకొనునను పూచీ లేదు.

ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యులు హాలెండు దేశపు యువకులిద్దరు, మిషియెల్ ప్రిన్స్, యోబర్ట్ ఆబ్మా. 2011లో వీరు పేరుగన్న 100 సాంకేతిక కంపెనీల పట్టిక వ్రాసికొని, అన్నింటిలోను లొసుగులు కనుగొని, ఆయా కంపెనీలకు తెలియజేసిరి. మూడవవంతువారు పలుకనే లేదు. మరి మూడవవంతువారు వందనములు చెప్పి లొసుగు నట్లే విడిచిరి. తక్కినవారు మాత్రము పరుగునపోయి సరిదిద్దుకొనిరి. ఫేస్‌బుక్‌లో అధికారిణిగా నుండిన షెరిల్ శాండ్‌బర్గు ఆ హెచ్చరికను తమ భద్రతాశాఖలోని అలెక్స్ రైసునకు అందజేయగా, ఆయనయే తుదకు వచ్చి వారితో చేరెను. 2012లో హ్యాకర్‌వన్ పుట్టినది. 2014లో బెంచ్‌మార్కు అను పెట్టుబడి సంస్థ 90 లక్షల డాలర్లు పెట్టినది. పెట్టుబడిదారుని యెదుట చేయవలసిన విన్నపమును గూర్చి నేడు పుస్తకములకు పుస్తకములు వెలువడుచున్నవి గాని, ఆ నూరు హెచ్చరికలకన్న మంచి విన్నపమేదో మాకు తోచుటలేదు. వారు రంగుల చిత్రపటములతో బయలుదేరలేదు. జబ్బు ఎక్కడనున్నదో, మందు ఎవరు పుచ్చుకొందురో, ఎవరు పారబోయుదురో ముందుగా తెలిసికొని బయలుదేరిరి.

వారు కల్పించిన కట్టడి సులభమైనది. లొసుగును వేలమునకు పెట్టరాదు. ఆ యింటి యజమానికే అందింపవలెను. ఏ స్థాయి లొసుగునకు ఎంత బహుమానమో యజమాని ముందుగానే ప్రకటింపవలెను. నిజమో బూటకమో దలారి మనుష్యులు పరీక్షించి చెప్పుదురు. బహుమానముపై నూటికి 20 చొప్పున కమీషను వారు కంపెనీనుండి పుచ్చుకొనిరి. అనగా వారు అమ్మినది లొసుగు కాదు, పూచీ. 2016లో అమెరికా రక్షణశాఖ తన వెబ్‌సైట్లనే వీరి మూలమున పరీక్షకు పెట్టగా 1,400 మందికి పైగా పేర్లు నమోదు చేసికొనిరి. నిజమైన లొసుగులు 138 తేలినవి. మొత్తము వ్యయము 1,50,000 డాలర్లు. బయటి కంపెనీకి గుత్త కిచ్చియున్నచో పది లక్షలు దాటియుండునని ఆనాటి రక్షణమంత్రి ఆష్ కార్టరే చెప్పెను.

మన యువకులు గ్రహింపవలసినది మరియొకటి గలదు. ఏ సంతకైనను రెండు దరులుండును. ఏ దరి లోతో ముందు చూచుకొనవలెను. ఇచట అమ్మువారికి కొదువ లేదు. 2014లో ఫేస్‌బుక్‌వారికి అందిన నిజమైన లొసుగులలో అత్యధిక సంఖ్య, 196, భారతదేశమునుండియే వెళ్లినది. కావున "మా యొద్ద ఇన్ని వేలమంది హ్యాకర్లు చేరిరి" అని ధనికుని యెదుట గొప్పలు చెప్పుకొనుట వ్యర్థము. కొనువాడు రావలెను, వచ్చినవాడు నిలువవలెను. మంచి హ్యాకరు ఒకడు కంటబడగానే దలారిని త్రోసిరాజని నేరుగా అతనితోనే బేరము కుదుర్చుకొనుట కంపెనీలకు సహజము. దానికి ప్రతిక్రియ చీటికి మాటికి కరారునామాలు చూపి బెదరించుట కాదు. వందల నివేదికలలో తాలును చెరిగి గింజను చేతబెట్టు పని దలారి చేయుచున్నంతకాలము వాడు అవసరము. ఆ పని నానాటికి కష్టమగుచున్నది. కర్ల్ అను ప్రసిద్ధమైన ఉచిత సాఫ్ట్‌వేరును పోషించువారు కృత్రిమమేధచే వ్రాయించిన బూటకపు నివేదికల వెల్లువ నోర్వజాలక 2026 జనవరిలో తమ బహుమాన పద్ధతినే ముగించిరి. చెరుగుటకు చేట లేని సంతకు పెట్టుబడి యెందులకు?

భయమును అమ్మరాదని కూడ హెచ్చరింపవలసియున్నది. ఊబర్ కంపెనీ యేమిచేసినదో చూడుడు. 2016లో 5 కోట్ల 70 లక్షల మంది వివరములను దొంగిలించినవారికి లక్ష డాలర్లిచ్చి, దానికి బగ్ బౌంటీ అను ముసుగు తొడిగి, ఏడాదిపాటు దాచినది. ఆ వ్యవహారమున నాటి భద్రతాధిపతిని 2022లో అక్కడి జ్యూరీ దోషిగా నిర్ణయించినది. బహుమానమునకును లంచమునకును నడుమనున్న గీటును చెరపనీయని దలారియే ఈ వృత్తికి తగినవాడు.

ఇక మన దేశపు చట్టము సంగతి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమున 43వ సెక్షను ప్రకారము యజమాని అనుమతిలేక కంప్యూటరులో ప్రవేశించినవాడు నష్టపరిహారమునకు బాధ్యుడు. ఆ పనియే దురుద్దేశముతో గాని మోసముతో గాని చేసినచో 66వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు కారాగారము, 5 లక్షల వరకు జరిమానా. దురుద్దేశము లేదని నిరూపించుకొనులోపల పోలీసు ఠాణా చుట్టును, న్యాయస్థానము చుట్టును తిరుగవలసినవాడు ఎవ్వడు? ఇంటి తలుపు తీసియున్నదని చెప్పిన పాపమునకు ఆ కుర్రవాడే గదా! గుమ్మడికాయల దొంగ అనిన భుజములు తడవికొనినట్లు, లొసుగున్నదని చెప్పగానే నోటీసు పంపు కంపెనీలున్నంతకాలము బుద్ధిమంతుడు నోరు మూసికొనును. ఆ లొసుగు ఆ బుద్ధి లేనివాని చేతబడును. హాలెండు ప్రభుత్వము 2013లోనే ఇట్టివారి విషయమై మార్గసూత్రములు ప్రకటించినది. అంతటితో ఆగక, తన లొసుగులు చెప్పినవారికి "డచ్చి ప్రభుత్వమును హ్యాక్ చేసితిని, దొరికినదెల్ల ఈ పాడు చొక్కాయే" అని అచ్చొత్తిన టీషర్టును పంపుచు వచ్చినది. పరిహాసము తెలిసిన ప్రభుత్వము! అమెరికా న్యాయశాఖ 2022 మేలో సద్బుద్ధితో చేయు భద్రతాపరిశోధనపై అభియోగము మోపరాదని తన న్యాయవాదుల నాదేశించినది.

మనకును ఆశ లేకపోలేదు. 2022లో ఆధార్ సంస్థ తన వ్యవస్థను పరీక్షించుటకు 20 మంది హ్యాకర్లను ఎన్నుకొన తలపెట్టినది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము జాగ్రత్త చాలని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు దండన విధించినది. కొనువాని గుండెలో గుబులు ఇప్పుడిప్పుడే పుట్టుచున్నది. సంతకు అదను వచ్చినదనియే మా నమ్మకము. మన యువకుల తెలివి పరదేశపు సంతలలో డాలర్లకు అమ్ముడుపోవుటను మేము నిందింపము, కష్టమునకు కూలి యెక్కడ దొరకిన నచటికి మనిషి పోవును. కాని మన బ్యాంకుల, ఆసుపత్రుల, పురపాలకసంఘముల తలుపులను పరీక్షించుటకు వానికి నోరాడకపోవుట మాత్రము మన తప్పు.

కావున మా కోరిక చిన్నది. 43వ సెక్షనులో సద్బుద్ధితో పరీక్షించి రహస్యముగా తెలియజేసినవానికి మినహాయింపును పార్లమెంటు స్పష్టమైన మాటలలో చేర్చవలెను. అంతవరకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు తమ ప్రతి సేవా వెబ్‌సైటులోను, లొసుగు కనిపించినచో ఎవరికి వ్రాయవలెనో, ఎన్ని దినములలో జవాబు వచ్చునో, వ్రాసినవానిపై వ్యాజ్యము వేయబోమని ఏ యధికారి హామీ యిచ్చుచున్నాడో తెలుపు పుట నొకదానిని తెలుగున ప్రకటింపవలెను. ఒక న్యాయవాదికిని ఒక గుమాస్తాకును అది ఒక దినపు పని.