విశ్లేషణ: లక్షణాలున్నా గర్భ పరీక్ష ‘నెగెటివ్’.. ఒక్క గీతను ఎంతవరకు నమ్మవచ్చు?

న్యూఢిల్లీ: నెల తప్పి వారం గడుస్తుంది. ఉదయం లేవగానే వికారం, రొమ్ముల్లో నొప్పి, కారణం తెలియని అలసట. ఇంట్లో పెద్దవారు వేవిళ్లని ఒక నిశ్చయానికి వచ్చేస్తారు. మెడికల్ షాపు నుంచి తెచ్చిన కిట్‌పై మాత్రం ఒకే ఒక్క గీత కనిపిస్తుంది. దేశంలో ఎందరో మహిళలు ఏదో ఒక దశలో ఎదుర్కొనే ఈ పరిస్థితి సాధారణంగా రెండు విధాలుగా ముగుస్తుంది. గర్భం కోసం ఎదురుచూస్తున్న ఇంట్లో నిరాశ మిగులుతుంది. గర్భం వద్దనుకుంటున్న ఇంట్లో ఊరట కలుగుతుంది. రెండు సందర్భాల్లోనూ విషయం అంతటితో ముగిసిందనే భావిస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇంటి వద్ద చేసుకునే పరీక్ష ఒకే ఒక్క ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ఆ రోజు, ఆ మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోను కిట్ గుర్తించగలిగినంత పరిమాణంలో ఉందా లేదా అన్నదే ఆ ప్రశ్న. గర్భం ఉందా, ఉంటే గర్భసంచిలోనే ఉందా, లేకపోతే నెలసరి ఎందుకు ఆగింది అనే ప్రశ్నలకు ఆ గీత వద్ద జవాబు లేదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే జాప్యానికి వైద్యపరమైన మూల్యమే కాక, ప్రస్తుత చట్టం ప్రకారం న్యాయపరమైన మూల్యమూ ఉంది.

పరీక్ష ఎందుకు పొరబడుతుంది?

ఫలదీకరణం చెందిన అండం గర్భసంచి గోడకు అంటుకున్న తరువాతే హెచ్‌సీజీ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. అండం విడుదలైన నాటి నుంచి ఇందుకు 6 నుంచి 12 రోజులు పట్టవచ్చు. విపణిలో సాధారణంగా లభించే కిట్లు మిల్లీలీటరుకు సుమారు 25 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్ల హెచ్‌సీజీని గుర్తించేలా తయారవుతాయి. తొలి వారాల్లో ఈ హార్మోను దాదాపు 48 నుంచి 72 గంటలకోసారి రెట్టింపవుతుంది. అంటే సోమవారం ఒక్క గీత చూపిన కిట్ గురువారమో, శుక్రవారమో రెండు గీతలు చూపడంలో వింతేమీ లేదు. అండం ఆలస్యంగా విడుదలైన నెలలో, నెలసరి క్రమం తప్పే మహిళల్లో ‘నెల తప్పిన రోజు’ అనే లెక్కే తప్పుతుంది. అటువంటప్పుడు తొందరపడి చేసిన పరీక్ష నెగెటివ్‌గా రావడానికి అవకాశం ఎక్కువ.

నీళ్లు ఎక్కువగా తాగిన తరువాత చేసే పరీక్షలోనూ ఇదే జరుగుతుంది. మూత్రం పలచబడి హార్మోను సాంద్రత తగ్గుతుంది. ఉదయాన్నే తొలి మూత్రంతో పరీక్ష చేయాలనడం ఇందుకే. గడువు తీరిన కిట్, చెప్పిన సమయానికి ముందే ఫలితం చూడడం కూడా పొరపాటుకు దారితీస్తాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన మరో కారణం ఉంది. గర్భం కొన్ని వారాలు ముదిరిన తరువాత హెచ్‌సీజీ, దాని విచ్ఛిన్న భాగాలు మూత్రంలో అత్యధికంగా చేరితే కిట్‌లోని ప్రతిరక్షకాలు ఉక్కిరిబిక్కిరై రెండో గీత ఏర్పడకపోవచ్చు. వైద్యులు దీనిని ‘హుక్ ఎఫెక్ట్’ అంటారు. ఇది అరుదు. అయినప్పటికీ రెండు, మూడు నెలలుగా నెలసరి రాని మహిళ కేవలం మూత్ర పరీక్షపై ఆధారపడకూడదనడానికి ఇదొక బలమైన కారణం.

ప్రమాదం పొంచి ఉండేది ఎక్కడ?

మొత్తం గర్భాల్లో సుమారు 1 నుంచి 2 శాతం గర్భసంచి వెలుపల ఏర్పడతాయి. వీటిలో అత్యధికం ఫాలోపియన్ నాళంలోనే ఉంటాయి. ఇటువంటి గర్భంలో హెచ్‌సీజీ తక్కువగా ఉండటం, నెమ్మదిగా పెరగడం సాధారణం. చాలావరకు పరీక్ష పాజిటివ్‌గానే వస్తుంది. కొద్దిమందిలో మాత్రం నెగెటివ్‌గానో, కనీకనిపించని గీతగానో వచ్చి మోసం చేస్తుంది. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొద్దికొద్దిగా రక్తస్రావం, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం కొనలో నొప్పి వంటివి కనిపిస్తే కిట్ ఏం చెప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నాళం చిట్లితే కడుపులో జరిగే రక్తస్రావం గంటల వ్యవధిలో ప్రాణం తీయగలదు.

వైద్యుని చీటీ లేకుండా మెడికల్ షాపుల్లో గర్భస్రావం మాత్రలు కొనుక్కోవడం ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రలు గర్భసంచి వెలుపల ఉన్న గర్భంపై పనిచేయవు. ‘పరీక్ష తేలలేదు, అయినా వేసుకుంటే నెలసరి వస్తుంది’ అన్న ఆలోచనతో వాటిని మింగిన మహిళకు రక్తస్రావం కావచ్చు. అది చూసి సమస్య తీరిందనుకునే లోపు అసలు గర్భం నాళంలో పెరుగుతూనే ఉంటుంది.

గర్భం లేదు, లక్షణాలు ఎందుకు?

నాణేనికి మరోవైపు కూడా అంతే ముఖ్యమైనది. పరీక్ష సరైనదే అయి, గర్భం నిజంగానే లేనప్పుడు ఆ లక్షణాలు అబద్ధమని అర్థం కాదు. నెలసరికి ముందు రోజుల్లో పెరిగే ప్రొజెస్టిరోన్ హార్మోనే రొమ్ముల నొప్పి, కడుపుబ్బరం, వికారం వంటివి కలిగిస్తుంది. గర్భిణుల్లోనూ వీటిలో కొన్నింటికి ఇదే కారణం. థైరాయిడ్ మందగించడం, పీసీఓఎస్, ప్రొలాక్టిన్ హార్మోను పెరగడం, బరువులో హఠాత్తు మార్పు, తీవ్రమైన మానసిక ఒత్తిడి నెలసరిని ఆపగలవు. నలభైలు దాటిన మహిళల్లో నెలసరి నిలిచే దశ ఆరంభమూ అదే రూపంలో కనిపిస్తుంది.

మందుల ప్రభావం గురించి ఆలోచించేవారు తక్కువ. గ్యాస్, వికారం కోసం విరివిగా వాడే మాత్రల్లో ఉండే డోంపెరిడోన్ ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. కొన్ని మానసిక వ్యాధుల మందులదీ అదే తీరు. దీంతో నెలసరి తప్పడం, రొమ్ముల నుంచి పాలు రావడం కూడా జరగవచ్చు. అత్యవసర గర్భనిరోధక మాత్ర తరువాతి నెలసరిని కొన్ని రోజులు అటూఇటూ జరుపుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో ఇచ్చే ఇంజెక్షన్ తీసుకున్నవారిలో నెలసరి పూర్తిగా ఆగిపోవడమూ తెలిసిందే.

అలసట, తలతిరుగుడు విషయానికి వస్తే దేశంలో వాటికి మరో పెద్ద కారణం సిద్ధంగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలది అదే స్థితి. గర్భం లేదని తేలగానే ఇంటికి పంపిన మహిళకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయకపోతే, ఆమెకున్న అసలు వ్యాధిని చూడకుండా వదిలేసినట్టే. కొన్నాళ్లుగా తగ్గని కడుపుబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్టుండటం అరుదుగా అండాశయ కణితికి సంకేతాలు కావచ్చు.

శరీరం, మనసు కలిసి చేసే విచిత్రం కూడా ఒకటుంది. గర్భం లేకుండానే నెలసరి ఆగి, పొట్ట పెరిగి, బిడ్డ కదులుతున్నట్టు సైతం అనిపించే స్థితిని వైద్యులు మిథ్యాగర్భంగా వ్యవహరిస్తారు. 1554-55లో ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ ప్రసవానికి సర్వసన్నాహాలు జరిగిన తరువాత గర్భమే లేదని తేలిన ఉదంతం చరిత్రకెక్కింది. సింహాసనానికి వారసుడు కావాలన్న ఒత్తిడి ఆనాడు ఆమెపై ఉంది. పెళ్లయిన ఏడాదికే ‘విశేషమేమైనా ఉందా’ అన్న ప్రశ్న ఎదుర్కొనే కోడళ్లపై ఉన్న ఒత్తిడి స్వభావంలో దీనికి ఎంతో దూరం కాదు. ఇటువంటి మహిళకు కావలసింది హేళన కాదు, స్కానింగ్ ఫలితాన్ని ఓపికగా వివరించే వైద్యురాలు, అవసరమైతే మానసిక వైద్య సహాయం.

చట్టం ముందు వారాల లెక్క

జాప్యం ఖరీదు చట్టంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గర్భం వయసును చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. కనుక నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు గడిచినట్టు. మాత్రలతో గర్భస్రావానికి దేశంలో అనుమతించిన పరిమితి 9 వారాలు. అంటే నెల తప్పాక మిగిలేది ఐదు వారాలే. తొందరగా చేసిన ఒక పరీక్షను నమ్మి రెండు నెలలు మిన్నకుంటే ఆ మార్గం మూసుకుపోతుంది.

1971 నాటి వైద్యపరమైన గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం, నిర్దేశిత వర్గాల మహిళలకు 20 నుంచి 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయం అవసరం. అవివాహితలకూ ఈ వెసులుబాటు వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 24 వారాలు దాటితే దారి చాలా ఇరుకు.

2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు ఇందుకు ఉదాహరణ. బిడ్డకు పాలిస్తున్నందున నెలసరి రావడం లేదని భావించిన ఇద్దరు పిల్లల తల్లి, తన గర్భం సంగతి ఎంతో ఆలస్యంగా తెలిసిందని కోర్టుకు విన్నవించారు. అక్టోబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గర్భస్రావానికి అనుమతించింది. 11న అదే ధర్మాసనం భిన్నాభిప్రాయాలు వెలువరించింది. 16న నాటి ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం అనుమతి నిరాకరించింది. గర్భానికి 24 వారాలు దాటడం, తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు గాని, పిండంలో లోపాలు గాని లేకపోవడం అందుకు కారణాలు. ఆ కేసులో ప్రశ్న కిట్ ఫలితానిది కాదు. అయితే గర్భాన్ని ఆలస్యంగా గుర్తించిన మహిళకు చట్టం ఎంత తక్కువ చోటు మిగులుస్తుందో అది చాటింది.

గర్భం తెలియకపోవడం కేవలం అజ్ఞానమన్న అభిప్రాయమూ నిలవదు. వైద్య సదుపాయాలకు కొదవలేని బెర్లిన్‌లో జరిపిన, 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దాదాపు 475 ప్రసవాలకు ఒకటి చొప్పున 20 వారాల వరకు గర్భం సంగతి తల్లికి తెలియలేదని తేలింది.

నెగెటివ్ తరువాత ఏం చేయాలి?

వైద్యులు సూచించే క్రమం సరళమైనదే. మొదటి పరీక్ష నెగెటివ్ వచ్చి నెలసరి రాకపోతే రెండు, మూడు రోజుల తరువాత ఉదయపు తొలి మూత్రంతో మళ్లీ చేయాలి. వారం గడిచినా స్పష్టత లేకపోతే రక్తంలో బీటా హెచ్‌సీజీ పరీక్ష, అవసరమైతే స్కానింగ్ చేయించాలి. గర్భం లేదని తేలితే థైరాయిడ్, ప్రొలాక్టిన్, హిమోగ్లోబిన్ పరీక్షలతో కారణం వెతకాలి. ఈలోగా వాడుతున్న మందుల సంగతి వైద్యునికి చెప్పాలి. కొత్త మందులు, ఎక్స్‌రేల విషయంలో గర్భం ఉన్నట్టే జాగ్రత్త వహించడం మేలు. గర్భ నిర్ధారణ కోసం స్కానింగ్ చేయించుకోవడం చట్టబద్ధమే. 1994 నాటి చట్టం నిషేధించింది లింగ నిర్ధారణను మాత్రమే.

వ్యక్తుల జాగ్రత్తతోనే ఇది తీరదు. ఆశా కార్యకర్తల ద్వారా ‘నిశ్చయ్’ కిట్లను గ్రామాలకు చేర్చడం వెనుక ఉద్దేశం గర్భాన్ని త్వరగా గుర్తించడమే. అయినా 2019-21 సర్వే నాటికి తొలి మూడు నెలల్లో వైద్య పరీక్ష చేయించుకున్న తల్లులు 70 శాతమే. పిండంలో మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే నాళం చివరి నెలసరి నుంచి ఆరు వారాలకే మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ అవసరం అత్యధికంగా ఉండేది అప్పుడే. పాజిటివ్ వచ్చిన మహిళ పేరు గర్భిణుల నమోదులోకి ఎక్కుతుంది. నెగెటివ్ వచ్చి నెలసరి రాని మహిళ ఇంటికి వారం తరువాత మరోసారి వెళ్లి, రెండో కిట్ ఇచ్చే బాధ్యతను అదే వ్యవస్థ స్వీకరిస్తే అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. కిట్ పొట్లంపై ‘నెలసరి రాకపోతే మళ్లీ పరీక్షించండి, నొప్పి ఉంటే వైద్యుని కలవండి’ అన్న రెండు వాక్యాలు ప్రాంతీయ భాషల్లో పెద్ద అక్షరాలతో ముద్రించడానికి అంతకన్నా తక్కువే అవుతుంది.

కిట్‌పై కనిపించే ఒక్క గీత ఆ రోజుకు మాత్రమే జవాబు. నెలసరి ఆగిందంటే శరీరం ఏదో చెబుతున్నట్టే. అదేమిటో తేలేవరకు పరీక్ష పూర్తి కానట్టుగానే కుటుంబాలూ, ఆరోగ్య వ్యవస్థా భావించవలసి ఉంది.