తేయాకు వాయనము



కొన్ని మాసముల క్రింద నీ పుటలో ప్రసంగవశమున, మేమైదుగురము స్నేహితురాండ్రము తేయాకు పొట్లములు కట్టి యొకరికొకరు పంపుకొనుచుందుమని వ్రాసితిని. నాటినుండి వచ్చిన జాబులలో పెక్కింటి ప్రశ్న యొక్కటే. టీ యనగా టీయే కదా, అంగడిలో దొరకని వస్తువా, దానిని పంచుకొనుటలో వినోదమేమి యని. ఒక సోదరి మరికొంత ముందునకు బోయి, ఇది తీరిక గలవారి సోకు గాదా యని యడిగినది. ఆమెకు గూడ నిచ్చటనే ప్రత్యుత్తర మిచ్చెదను.

మన ప్రబంధములలో కర్పూరతాంబూలము గలదు, పానకము గలదు, పన్నీరు గలదు. తేనీరు మాత్రము గానరాదు. కాన నీ విషయమున పూర్వకవులు నాకు సాయపడరు. నా నాలుకయు, స్నేహితురాండ్ర యుత్తరములును నాకాధారములు.

మన యిండ్లలో కాచునది చాలవరకు సీటీసీ యనబడు గుళికల టీ. 1930ల దశకమున అస్సాములో వెలసిన యంత్రము, పళ్ళుగల రోలర్ల నడుమ నాకును నలిపి, చించి, చుట్టి యీ గుళికలను చేయును. నీటిలో పడగనే యవి రంగును, చిక్కదనమును ఇచ్చివేయును. పాలు పంచదార పోసినను రుచి చెడదు. పదిమందికి చవకగా సరిపోవును. నేను దానిని నిందింపను. మా యింట నుదయమున కాగునది యదియే. మావారు బడిపిల్లల పుస్తకములు దిద్దుచు దానినే రెండు గ్లాసులు పుచ్చుకొందురు. దాని స్థానమున దార్జిలింగు టీ పెట్టినను వారికి తెలియదు, పెట్టి చూచితిని.

నేను చెప్పునది విడి యాకు టీ. ఆకు ముక్కలు గాక, చుట్టుకొని యెండిన యాకుగనే యుండి, వేడినీటిలో మెల్లగా విచ్చుకొనును. నల్ల టీ, పచ్చ టీ, ఊలాంగు, తెల్ల టీ యని పేర్లు వేరైనను మొక్క యొక్కటే. భేదమంతయు కోసిన తరువాత చేయు పనిలో నున్నది. ఆకును వాడబెట్టి, నలిపి, గాలికి విడిచినచో, కోసిన వంకాయ నల్లబడునట్లు క్రమముగా నెఱ్ఱబారును. పూర్తిగా నెఱ్ఱబారనిచ్చి యారబెట్టిన నల్ల టీ. వెంటనే వేడి తగిలించి యా మార్పును నిలిపివేసిన పచ్చ టీ. నడుమ నాపిన ఊలాంగు. తెల్ల టీకి నలుపుట యుండదు. లేత మొగ్గలను వాడ్చి యారబెట్టుటయే. వంకాయముక్కలను నీళ్ళలో వేయు కారణ మెఱిగిన గృహిణికి దీనిని బోధింప నొక గురువక్కరలేదు.

పేర్లను జూచి మోసపోరాదు. పెట్టెపై "ఆరెంజి పెకో" యని యున్నంతమాత్రమున నందు నారింజ యుండదు. అది యాకు పరిమాణమునకు పెట్టిన పేరు. దానివలన రుచి యింతయు తెలియదు. రుచి తెలియవలెనన్న తోట పేరు, కోసిన ఋతువు చూడవలెను. దార్జిలింగునందు ఫాల్గుణ చైత్రముల ప్రాంతమున తొలి చిగురు కోయుదురు. దాని నీరు లేతబంగారు వన్నెలో నుండి, పూలవాసనయు, నాలుకమీద కొంచెము వగరును గలిగియుండును. మే, జూన్ మాసముల రెండవ కోత ముదురు వన్నె. దానియందు మాగిన ద్రాక్షను తలపించు పరిమళమున్నదని మెచ్చుదురు. వర్షము లైన పిదప శరత్తున వచ్చు నాకు మృదువు. ఒకే తోట, ఒకే పొద. మూడు ఋతువులలో మూడు తేనీళ్ళు. 2004లో మన దేశమున భౌగోళిక గుర్తింపు మొట్టమొదట పొందినది యీ దార్జిలింగు టీయే. అస్సాము టీ బలిష్ఠము, దానికి పాలు తగును. ఇంతకంటె చెప్పవలసినది లేదు. హిమాచలమందలి కాంగ్డా లోయలో 1905వ సంవత్సరపు భూకంపమున తోటలు పెక్కు నాశనమైనను, మిగిలినవానినుండి నేటికి నాకు వచ్చుచున్నది. అచ్చటి పచ్చ టీ నాకు మిగుల హితము.

మన యరకులోయ కాఫీకి పేరుపొందినది గాని, తేయాకునకు మనము చాలవరకు పొరుగు కొండలవైపు చూడవలసినదే. అందు మనకు దగ్గరి చుట్టము నీలగిరి. ఇచ్చట నేడాది పొడుగున నాకు కోయుదురు. శీతకాలమున, రాత్రులు మంచుగడ్డకట్టు దినములలో, పొద మెల్లగా నెదుగును. అప్పుడు కోసిన యాకునకు మంచి సువాసన యుండును. వగరు తక్కువగుటచే పాలులేకుండ తాగుట కొత్తగా నలవరచుకొనువారు దీనితో నారంభించుట మేలు.

ఈ కొండలన్నిటను ఆకు గిల్లువారు ముఖ్యముగా స్త్రీలు. రెండాకులు నొక మొగ్గ చొప్పున, వీపున బుట్ట, వ్రేళ్ళ కొనలతో. అస్సాము తోటలకు పూర్వము గంజాం, విశాఖపట్టణ మండలములనుండి తెలుగువారును కూలికి పోయిరి; వారి సంతతి నేటికి నచ్చట గలదు. మంచి యాకు వెల హెచ్చని విసుగుకొనునప్పుడు నే నీ వ్రేళ్ళను దలచుకొందును.

ఇక పంచుకొనుట యేల? ఇది లెక్క. ఒక గిన్నెడు తేనీటికి 2 గ్రాము లాకు చాలును. 100 గ్రాముల డబ్బా విప్పిన 50 గిన్నెలు. ఇంట మిగిలినవా రందరు గుళికల టీ త్రాగువారైనచో, వారమునకు మూడు మారులు త్రాగు గృహిణికి నాలుగు మాసములు పట్టును. ఈలోపల గాలి సోకి పరిమళము పోవును; మన వర్షకాలపు తేమ సంగతి చెప్పనక్కరలేదు. అదే యైదుగురు తలకొక రకము కొని యైదు భాగములు చేసికొన్నచో, ఒక డబ్బా వెలకు ప్రతియొక్కతెకు నైదు రకములు, ఒక్కొక్కటి పది గిన్నెలు. పాతబడకముందే యయిపోవును. ఇది సోకో, పొదుపో యా సోదరియే చెప్పవలెను.

మా యైదుగురిలో నొకరు కున్నూరున కాపురమున్న మా పినతండ్రి కూతురు, ఒకరు కలకత్తాలోని మా వదినగారు, ఒకరు విశాఖపట్టణపు స్నేహితురాలు, ఒకరు మా వీధిలోని పంతులమ్మగారు, ఐదవదానను నేను. శ్రావణమాసమున ముత్తయిదువలకు వాయనమిచ్చునప్పుడు నానిన సెనగలను బాగుచేసి యిత్తుము గదా, పుచ్చులు గట్టి పంపము. ఇదియు నట్లే. మన మిక త్రాగమని తేలిన పాతయాకును పొట్లముగట్టి స్నేహితురాలికి పంపుట వాయనము గాదు, ఇల్లు ఊడ్చుకొనుట. తగరపు పూతగల సంచిలో 20 గ్రాములు వేసి, గాలి తీసి మూతి మూయవలెను. లోపల నొక చీటి: తోట పేరు, కోసిన ఋతువు, సంవత్సరము, డబ్బా విప్పిన తేది. ఇంటికి వచ్చిన పొట్లమును పోపులపెట్టెకు దూరముగా నుంచుడు. తేయాకు చుట్టుప్రక్కల వాసననెల్ల పీల్చుకొనును. చీనావారు మల్లెపూవులతో గలిపి పరిమళపు టీ చేయుట యీ గుణముచేతనే. మల్లె కెంత తెరచునో, ఇంగువకును తలుపంతే తెరచును.

కాచు విధము సులభము. ఆకును నీటితో గూర్చి తెర్లింపరాదు. 150 మొదలు 200 మిల్లీలీటర్ల నీరు కాచి, పింగాణి గిన్నెలోనో గాజు గిన్నెలోనో నున్న 2 గ్రాముల యాకుపై పోసి, మూతపెట్టి, నల్ల టీకి మూడు నాలుగు నిమిషము లుంచి పూర్తిగా వడకట్టవలెను. పచ్చ టీకి నీరు తెర్లిన పిదప నైదు నిమిషము లారనిచ్చి పోయుడు. సలసల కాగు నీరు దానిని చేదుచేయును. వడకట్టిన యాకు పారవేయకుడు. రెండవసారి కూడ పనికివచ్చును, కొన్ని ఊలాంగు రకములు మూడు నాలుగు సారులు నిచ్చును.

త్రాగిన పిదప నుత్తరము వ్రాయవలెను. మా మార్పిడిలో నసలు సంగతి యిచ్చటనున్నది. మొదటి సంవత్సరము మే మందర మన్నిటికిని "చాల బాగున్నది" యని వ్రాసితిమి. ఆడువారము గదా, పెట్టినదానిని బాగున్నదనుటయే మర్యాద యని నేర్చినవారము. మా వదినగారు విసిగి, ఇక నా మాట వ్రాసినవారికి పొట్లము పంపనని తీర్మానించినారు. ఏది, ఎట్లు బాగున్నది, ఏది బాగులేదు చెప్పవలె నన్నారు. అప్పుడు విశాఖపట్టణపు స్నేహితురా లొక జాబు వ్రాసినది. ఇరువదియేండ్లుగా వంట చేయుచున్నాను, మామగారి కెంత ఉప్పో, పెద్దవాని కెంత కారమో, చిన్నదాని కేది గిట్టదో నిద్రలో నడిగినను చెప్పగలను. నా కేది యిష్టమో నన్నెవరు నడుగలేదు, నేనును నడుగుకొనలేదు, ఇప్పుడు మీరడిగిన నేమి వ్రాయుదు నని.

ఆ జాబును నే నెన్ని మారులు చదివితినో! ఆమెకు నాలుక లేకకాదు. నైవేద్యము వండునపుడు మనము రుచి చూడము. ఉప్పు చాలినదో లేదో ఆవిరి వాసనచేతనే కనిపెట్టుదుము. అంతటి ముక్కు మనది. టీ పరీక్షించుటే వృత్తిగా గలవారు ఏండ్ల తరబడి సాధించు నేర్పులో సగము మనకు వంటింటనే యబ్బినది. కాని దాని నెల్లప్పు డితరుల కొరకు వినియోగించితిమి. తమ గిన్నె యందరు త్రాగిన పిమ్మట, అడుగున మిగిలినదానిలో నీళ్ళుపోసి మరల కాచుకొన్నది. దానిని గుక్కలో మ్రింగి గిన్నెలు తోముటకు లేచువారికి, ఏ రుచి యిష్టమని యడిగిన నేమి చెప్పుదురు?

ఆమెకు మే మేమియు బోధింపలేదు. పొట్లములు పంపుచుంటిమి. ఆరు మాసముల పిదప నామె వ్రాసినది: మీ రందరు పొగడు దార్జిలింగు తొలిచిగురు నాకు రుచింపదు, గడ్డి వాసన వచ్చుచున్నది, నీలగిరి శీతకాలపుటాకు నా యిష్టము, ఇకమీదట నా వంతు దార్జిలింగు పంతులమ్మగారి కీయుడు. మా వదినగారికి దార్జిలింగన్న ప్రాణము. కొంచెము చిన్నబుచ్చుకొన్నారు గాని, ఆ యుత్తరమును మడిచి తమ డబ్బాలో దాచినారు.

ఒక హెచ్చరిక మఱువరాదు. మన స్త్రీలలో రక్తహీనత విస్తారము. భోజనముతోగాని, భోజనమైన వెంటనేగాని త్రాగిన తేనీరు, ఆకుకూరలలోను పప్పులలోను గల యినుమును శరీరము గ్రహించుటకు నడ్డుపడును. గంటసేపైన నెడముంచుడు. ఇనుప మాత్రలు మ్రింగువారును, గర్భవతులును దీనిని మఱింత గట్టిగా పాటింపవలెను. గర్భవతులు వైద్యుల నడిగి మితముగా త్రాగుట మంచిది. రాత్రి నిద్రపట్టనివారు సాయంకాలము తరువాత మానుకొందురు గాక.

ఐదుగురు దొరకనివారు ఇద్దరితో నారంభింపవచ్చును. ప్రక్కయింటి పిన్నిగారైనను చాలును. తపాలా ఖర్చు గూడ తప్పును. మాకు మాత్రము ఈ శీతకాలపు కోత పిదప కున్నూరునుండి పొట్లము లుండును. విశాఖపట్టణమువారు తమ వంతు రెండింతలు కావలెనని ముందుగనే వ్రాసినారు. మా పినతండ్రి కూతురు, వాయనమునకు బేరములు లేవు, అందరితో సమానమే యన్నది. ఉత్తరము లింకను నడచుచున్నవి.