పొలిమేర నెరుగని నీరు

మన పల్లెలలో పొలిమేర యనునది గౌరవము గల మాట. ఊరికిని ఊరికిని నడుమ ఒక రాయి పాతియుండును. ఆ రాతి కావల పుట్టిన తగవు ఆవలి యూరి పెద్దలది. ఈవల పుట్టినది మనది. ఈ యేర్పాటు భూమికి చెల్లినది, పశువులకును కొంతవరకు చెల్లినది, నీటికి మాత్ర మెన్నడును చెల్లలేదు. నీరు రాతిని చూచి ఆగదు. మహానగరముల పాలననుగూర్చి దేశమంతట సాగుచున్న చర్చలో మొట్టమొదట గుర్తుంచుకొనదగిన సంగతి యిదియే యని మాకు తోచుచున్నది.

హైదరాబాదునే తీసికొందము. 1960లో హైదరాబాదు, సికిందరాబాదు నగరపాలక సంస్థలు రెండును ఒకటియైనవి. జంటనగరముల చుట్టును అప్పటి కున్నవి చాలవరకు పొలములు, తోటలు, చెరువులు. పిదప నగరము తన గీతను దాటి పెరిగినది. కూకట్‌పల్లి, కుత్బుల్లాపురము, మల్కాజిగిరి మున్నగునవి వేరువేరు పురపాలక సంఘములుగ నుండెను గాని, అందలి జనులు వేలకొలదిగ ప్రతిదినమును పనులకై నగరములోనికి వచ్చుచునే యుండిరి. 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘములను, 8 గ్రామపంచాయతులను కలిపి మహానగరపాలక సంస్థ నేర్పరచిరి. సుమారు 175 చదరపు కిలోమీటర్లుగ నున్న పరిధి 650కి పెరిగినది. నగరము ఆ గీతను గూడ దాటినది. 2025 డిసెంబరులో మరి 27 పురపాలక సంస్థలను అందు చేర్చిరి; పరిధి రెండువేల చదరపు కిలోమీటర్లను మించినది. చేర్చినంతనే, ఇంత పెద్ద సంస్థను ఒక్కచోట కూర్చుండి నడుపుట దుస్సాధ్యమని దానిని మూడుగ విభజించు ఆలోచనలును సాగినవి. పలకమీద పిల్లలు చేయు కూడికలు, తీసివేతలు ఇట్లే యుండును; అయితే పలక తుడుచుకొనుట సులభము.

గీతను ఎంత దూరము జరిపినను దాని కావల ఏదో యొకటి మిగులుచునే యుండును. ఈ సత్యమును హైదరాబాదు నూరేండ్లకు పూర్వమే నేర్చుకొన్నది. నేర్చుకొనుటకు చెల్లించిన మూల్యము మిక్కిలి పెద్దది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించినది. నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరదకు కారణమును నగరములో మాత్రమే వెదకలేదు. నది కెగువను వెదకిరి. మూసీ పరీవాహక ప్రదేశమున 788 చెరువులుండగా ఆ వానకు 221 చెరువులు తెగిపోయినవని లెక్క తేల్చిరి. పై చెరువు తెగి దాని నీరు క్రింది చెరువుపై బడుట, అదియు తెగి రెండింటి నీరును మూడవదానిపై బడుట - నగరమును ముంచుటలో ఈ పరంపరకు పెద్ద పాలు గలదు. చికిత్సయు నగరము వెలుపలనే జరిగినది. మూసీపై గండిపేటకడ ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి.

నాడు రాజొక్కడే. పల్లెయు పట్టణమును ఆయనవే కనుక ఎవరి యనుమతి ఎవరికి వలయునను ప్రశ్న పుట్టలేదు. ప్రజాస్వామ్యమున పుట్టును, పుట్టవలసినదే. ఈ రెండు జలాశయములకు 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామములలో నిర్మాణములపై 1996లో ప్రభుత్వము ఆంక్షలు విధించినది. నగరము త్రాగు నీటికై తమ భూముల విలువ పడిపోయినదని ఆ గ్రామస్థుల మొర; ఆ భూములలో మేడలు లేచినచో జలాశయములు చెడునని నగరవాసుల భయము. ఉభయుల మాటలోను న్యాయము కలదు. 2022లో ప్రభుత్వము షరతులతో ఆ యాంక్షలను తొలగించు ఉత్తరువు నిచ్చినది. నడిమి పాతికేండ్లలో ఈ యిరువాగులవారును ఎదురెదురుగ కూర్చుండి, నగరము పల్లెకు ఏమి చెల్లింపవలయును, పల్లె నగరమునకై ఏమి వదలుకొనవలయును అని లెక్క చూచుకొనుటకు ఎన్నికైన ఉమ్మడి సభ యనునది లేకపోయెను. ఆంక్ష విధించినదియు ఉత్తరువే, తీసివేసినదియు ఉత్తరువే.

ఇట్టి సభ మన దేశపు మట్టికి క్రొత్త యనుట సరికాదు. తెలంగాణమున గొలుసుకట్టు చెరువులు కాకతీయుల నాటినుండియు ప్రసిద్ధములు. పై చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు వాగున బడి క్రింది చెరువును చేరును. అది నిండినచో దాని క్రిందిది. తూము తీయుటకు, మూయుటకు నీరటి యుండెడివాడు. కట్టను కాచుటకు కట్టమైసమ్మ యుండెడిది. (హుస్సేన్‌సాగరము కట్టదిగువను ఆ తల్లి గుడి నేటికిని కలదు.) ఎగువ యూరివారు అలుగును ఎత్తుచేసికొన్నచో దిగువ యూరి పొలములెండును, ఎగువవారు కట్టను నిర్లక్ష్యము చేసినచో దిగువ యూరు మునుగును. పొలిమేరలు వేరైనను నీటి విషయమున పది యూళ్లవారును కలిసి మాటాడుకొనక తప్పెడిది కాదు. ఈ మాటాడుకొనుట ఎల్లప్పుడును సామరస్యముగనే సాగెనని మేమనము. తగవులు ముదిరి తలలు పగిలిన యూళ్లును ఉండియే యుండును. కాని తగవు ఎవరితోనో తెలిసియుండెడిది.

నేడు ఆ చెరువులు ఒకదానివెంట నొకటి కాలనీలైనవి. వాగులు ఇరుకు కాలువలైనవి. నీరు మాత్రము పాత త్రోవను మరువలేదు. 2000 ఆగస్టు 24న ఒక్కదినమున హైదరాబాదులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినది. 2020 అక్టోబరు 13న నగరమునకు తూర్పున ఘట్‌కేసరు ప్రాంతమున 30 సెంటీమీటర్లకు మించి కురిసినది. నాలుగు దినములకే గుఱ్ఱంచెరువు గట్టు తెగి పాతబస్తీలోని హాఫిజ్ బాబానగర్ వీధులలోనికి నీరు దూకినది. ఆ చెరువున కెగువనున్న యూళ్లు నాడు బడంగుపేట మున్నగు వేరు పురపాలక సంస్థలలోనివి. మునిగినది మహానగర సంస్థలోని పేదల బస్తీ. ఎగువవాని చేత ఈ వార్డు సభ్యుడు సమాధానము చెప్పింపలేడు. ఎగువ సభ్యుని ఈ బస్తీ ఓటరు ఓడింపలేడు.

నీటి సంగతి యిట్లుండ, చెత్త సంగతి యింకను విచిత్రము. నీరు పల్లమునకు తనంతట పోవును. చెత్తను లారీల కెత్తి మనమే పంపుదుము. పెక్కేండ్లుగ హైదరాబాదు చెత్తయంతయు నగరపు పొలిమేర వెలుపల జవాహర్‌నగర్‌కు చేరినది. అక్కడ చెత్త గుట్టయై పెరిగి, దానినుండి ఊరిన మురుగు మల్కారం చెరువును చెరచినది, బావులను చెరచినది. పిదప గుట్టపై మట్టి కప్పిరి, చెత్తనుండి విద్యుత్తు తీయు కర్మాగారమును పెట్టిరి. ఆ మేరకు మేలే. కాని 2025నాటి విలీనమువరకు జవాహర్‌నగర్ వాసికి ఆ చెత్తను పంపు సంస్థ యెన్నికలలో ఓటు లేదు. దుర్గంధము వాని యింటిలో, తీర్మానము మరియొకరి సభలో! పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ప్రాతినిధ్యమను మాటకు అర్థము చెప్పునప్పుడు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము వెదక నక్కరలేదు.

అట్లయిన అన్నిటిని కలిపి ఒకే పెద్ద సంస్థ చేసిన చాలును గదా యని కొందరు. కలిపినచోట జవాహర్‌నగర్ వాసికి ఓటు వచ్చినది, నిజమే. కాని పొరుగు పంచాయతి అధ్యక్షుని యింటికి నడచిపోయి వీధిదీపము వెలుగుటలేదని చెప్పుకొన్నవాడు, లక్షల జనాభాగల సంస్థలో ఎవరికి చెప్పుకొనును? వీధిదీపము దగ్గరి సభకు, వాగు దూరపు సభకు చెందవలయును. రెండును ఒకే సభకు అప్పగించినప్పుడు దీపము వెలుగదు, వాగు బాగుపడదు. మరికొందరు నిపుణులకు, అధికారులకు అప్పగించు డందురు. 1989లో జలమండలి, 2008లో మహానగరాభివృద్ధి సంస్థ ఏర్పడినవి. రెండవదాని పరిధి మొదటనే సుమారు 7,200 చదరపు కిలోమీటర్లు. 2025లో దానిని ఇంకను పెంచిరి. వీనిలో సమర్థులు లేరని కాదు. అవి ప్రజలెన్నుకొన్న సభలు కావు. అంతియే మా యాక్షేపణ.

మన రాజ్యాంగము ఈ చిక్కును ఊహింపకపోలేదు. 1992నాటి 74వ సవరణవలన వచ్చిన 243 జడ్-ఇ అధికరణము, పది లక్షలు లేక అంతకు మించిన జనాభాగల మహానగర ప్రాంతమునకు ఒక ప్రణాళికా సంఘ ముండవలెనని శాసించుచున్నది. అందు మూడింట రెండువంతులకు తక్కువ గాకుండ సభ్యులను, ఆ ప్రాంతమందలి పురపాలక సంఘముల సభ్యులును పంచాయతుల అధ్యక్షులును తమలోనుండి ఎన్నుకొనవలయును. అనగా నగరమును పల్లెయును ఒకే బల్లచుట్టు కూర్చుండవలెనని చట్టమే చెప్పుచున్నది. కలకత్తాలో ఇట్టి సంఘము 2001లో ఏర్పడినది. దేశమున పెక్కుచోట్ల అది యేర్పడలేదు, ఏర్పడినచోట్ల గూడ పెక్కింట నామమాత్రమైనది. కారణము తెలియనిది కాదు. చేతిలోని యధికారమును క్రిందికి పంచుటకు పైవారికి మనసొప్పదు.

లండను చరిత్ర ఈ సందర్భమున చదువదగినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆ నగరమున ఎన్నియో చిన్న సభలు ఎవరి వీధిని వారు చూచుకొనుచుండ, మురుగంతయు థేమ్సు నదిలో కలియుచుండెను. 1855లో నగరమంతటికి ఒక పనుల మండలి వచ్చినది. 1858 వేసవిలో నదీతీరముననున్న పార్లమెంటు సభ్యులకే ఆ కంపు భరింపరానిదయ్యెను. అంతట ఆ మండలి యింజనీరు బాజల్‌గెట్ చేత మహా మురుగుకాలువలు తలయెత్తినవి. కంపు సభ్యుల ముక్కు సోకువరకు ధనము మంజూరు కాలేదన్నది గమనింపదగిన విషయము. పిదప 1889లో ఎన్నికైన కౌంటీ సభ, 1965లో విశాల లండను సభ వచ్చినవి. 1986లో ఈ సభను రద్దుచేసిరి. నగరమంతటికిని ఎన్నికైన సభ లేకుండ పదునాలుగేండ్లు గడచినవి. 2000లో మేయరును, శాసనసభవంటి యొక సభను మరల నెన్నుకొనిరి. దానిక్రింద 32 బరోలును ప్రాచీన నగరమును తమ తమ సభలతో నేటికిని ఉన్నవి. పెద్ద సభ వచ్చినదని చిన్న సభలు పోలేదు.

ధనము మాట యెత్తక ఏ కూటమియు నిలువదు. అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ అను మరియొక జంటనగరములు కలవు. అక్కడ 1971లో ఒక శాసనము చేసిరి: ఏడు కౌంటీల ప్రాంతమున వాణిజ్య, పారిశ్రామిక భవనముల పన్ను విలువలో ఆ యేటినుండి వచ్చు పెరుగుదలలో నూటికి 40 వంతులు ఉమ్మడి ఖాతాలో జేరును, అందుండి పేద పట్టణములకు ఎక్కువ భాగము పోవును. మన కిది నేరుగ సరిపోవునని మేమనము. అక్కడి పన్ను పద్ధతి వేరు. అయినను శేరిలింగంపల్లిలో అద్దాల మేడలనుండి వచ్చు పన్నునకు, జవాహర్‌నగర్ చెత్తగుట్టకు సంబంధమేమని అడుగువారికి సమాధాన మందున్నది. ఆ మేడల చెత్త యెక్కడకు పోయినదో కనుగొన్న చాలును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పని చేయింపవచ్చును. ఊరి పటముపై పాలక సంస్థల సరిహద్దులను ఎఱ్ఱసిరాతోను, వాగులు, చెరువులు, మురుగుకాలువలను నీలిసిరాతోను గీయించిన, రెండు రంగులును ఎన్నిచోట్ల ఒకదానినొకటి కోసికొనునో విద్యార్థులే లెక్కింపగలరు. హైదరాబాదు పటమైనచో నీలిగీత నగరముకడ ఆగదు. మూసీ నగరపు మురుగును మోసికొని భువనగిరి, నల్లగొండ జిల్లాల పొలములకు పోవుచున్నది. ఆ నీటితోనే అక్కడ వరి పండించుచున్నారు. రేపు నిజముగనే ఎన్నికైన మహానగర సంఘ మేర్పడినచో దాని పరిధి యెచ్చట ముగియవలెనని అధికారులు వలయరహదారినో, దాని కావలి మరియొక రహదారినో చూపుదురు. వలిగొండవద్ద మూసీ యొడ్డున నారు పోయు రైతునకు ఆ సంఘములో ఒక స్థానము కలదా, లేదా? పటము గీయుటకు ముందు ఈ ప్రశ్న కెవ్వరు సమాధానము చెప్పుదురు?