సైకిలు సామగ్రికి బీమా

సైకిలు సామాన్యుని వాహనమని మనమంతా అంటూనే ఉంటాము. ఆ సామాన్యునికే దాని వెంట ఉండే ప్రతి వస్తువూ విలువైనది. హెల్మెట్, లైటు, తాళము, గాలిపంపు, వానకోటు విడివిడిగా స్వల్పమైనవే. అన్నీ ఒక్కసారి మళ్ళీ కొనవలసివస్తే విద్యార్థికి అది నెల ఖర్చు. ఈ సామగ్రికి బీమా అవసరమా అన్న ప్రశ్నను మనము తేలికగా త్రోసివేయరాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టము మోటారు బండ్లకు మూడవ పక్షపు బీమాను నిర్బంధము చేసినది. సైకిలుకు ఆ నిర్బంధము లేదు. బ్రిటన్‌లో సైకిలు బీమాతోపాటు దుస్తులకు, ఉపకరణాలకు కూడ రక్షణనిచ్చే పాలసీలు కలవు. అయితే వాటి షరతులు గమనింపదగినవి. సైకిలుతోపాటు పోయిన లైటుకే కొన్ని పాలసీలు పరిహారమిస్తాయి. లైటు ఒక్కటే పోతే ఇవ్వవు. వాడుకవల్ల అరిగినదానికి, చిరిగినదానికి సాధారణముగా ఏమీ రాదు. నష్టములో మొదటి కొంత భాగము పాలసీదారే భరించవలెను. చిన్న వస్తువు వెల ఆ భాగములోనే కరిగిపోతుంది.

ఇందులో కంపెనీల దురాశ ఒక్కటే కారణము కాదు. నష్టము చిన్నదైనా దరఖాస్తును పరిశీలించే శ్రమ తప్పదు. కావున చిన్న నష్టానికి బీమా తగిన సాధనము కాదని మా అభిప్రాయము.

ఆ లోటును పరస్పర సహాయనిధి తీర్చగలదు. ఇది మనకు కొత్త భావన కాదు. బీమాలోని వడ్డీ, అనిశ్చితి విషయమై ముస్లిం పండితులు వెలిబుచ్చిన ఆక్షేపణలకు సమాధానముగా తకాఫుల్ పద్ధతి రూపొందినది. అందరూ విరాళముగా ఇచ్చిన సొమ్ము నుండి నష్టపోయినవానిని ఆదుకొనుట దాని సారము. మలేషియా 1984లోనే దీనికై చట్టము చేసినది.

కళాశాల కమిటీవారు ఇట్టి నిధిని నెలకొల్పవలెనని కోరుచున్నాము. సంవత్సరారంభమున సైకిలుదారులందరు కొద్ది రుసుము చెల్లించవచ్చును. ఫ్రేము నంబరు, సామగ్రి వివరాలు, కొన్న రసీదులు ఒక రిజిస్టరులో నమోదు కావలెను. పరిహారమును ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు కలిసి నిర్ణయింతురుగాక. మిగిలిన సొమ్ము మరుసటి ఏటికి చేరవలెను.

వస్తువు సంగతి ఇది. మనిషి ప్రాణానికి మాత్రము బీమాయే శరణ్యము. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన క్రింద, బ్యాంకు ఖాతా ఉన్న 18 నుండి 70 ఏండ్లవారికి సంవత్సరమునకు 20 రూపాయల ప్రీమియముతో 2 లక్షల రూపాయల ప్రమాద బీమా లభించును. హెల్మెట్ కొన్న విద్యార్థి, ఆ 20 రూపాయలు కూడ కట్టుట మరువరాదు.