చివరి ఊరిలోనే అసలు పరీక్ష

పశ్చిమ దేశాల్లో ప్రజాస్వామ్యానికి ముప్పు వచ్చిందన్న మాట కొంతకాలంగా తరచూ వింటున్నాం. 2021 జనవరి 6న అమెరికాలో ఎన్నికల ఫలితాన్ని ఒప్పుకోని గుంపు చట్టసభ భవనంలోకే చొరబడింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద దండెత్తింది. మొదటిది ఇంట్లో పుట్టిన ముప్పు, రెండోది బయటినుంచి వచ్చినది. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో పిల్లలు పరాయి దేశాల్లో ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి గనుక ఈ వార్తలను మనం ఆందోళనతోనే చూస్తున్నాం. అయితే బయటి ముప్పు పేరుతో ఇంటికి తాళం ఎలా పడుతుందో, ఆ తాళం మొదట ఎవరి గడపకు పడుతుందో తెలుసుకోవాలంటే మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చరిత్ర చాలు.

1971 డిసెంబర్ 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైనప్పుడు దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. యుద్ధం రెండు వారాల్లోపే ముగిసింది. కానీ ఆ ప్రకటనను మాత్రం 1977 మార్చి దాకా ఎత్తివేయలేదు. అది అమలులో ఉండగానే 1975 జూన్ 25 రాత్రి రెండో ప్రకటన వచ్చింది. ఈసారి చెప్పిన కారణం ‘ఆంతరంగిక కల్లోలం’. పత్రికల మీద సెన్సార్ పడింది. విచారణ లేకుండా లక్షమందికి పైగా జైళ్లపాలయ్యారు. జీవించే హక్కు కోసం కోర్టు తలుపు తట్టే అవకాశం కూడా రాష్ట్రపతి ఉత్తర్వుతో నిలిచిపోయింది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ ఉత్తర్వును సమర్థించింది. కాదన్నది ఒక్క జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఆయన చెప్పిందే సరైనదని అదే కోర్టు ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది.

ఆ చీకటి కాలంలోనే, 1975 డిసెంబర్ 1న, ఆదిలాబాద్ జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతులను ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. హత్య కేసులో వారికి శిక్ష పడింది. ప్రాణం తీసే మార్గాన్ని మనం ఏనాడూ సమర్థించం. కానీ వారి ప్రాణాలు కాపాడమని దేశమంతటా వినిపించిన గొంతులు అత్యవసర పరిస్థితిలో మూగబోయాయి. మాట్లాడేవారిలో చాలామంది జైల్లో ఉన్నారు, పత్రికలు రాయలేని స్థితిలో ఉన్నాయి. గొంతులు నొక్కిన కాలంలో తీసిన ప్రాణానికి జవాబు అడిగేవాడు ఉండడు. అత్యవసర పరిస్థితిలోని అసలు ప్రమాదం అదే.

1977 మార్చిలో జరిగిన ఎన్నికల్లో ఉత్తరాది ప్రజలు ఆ పాలనను ఓడించారు. మన రాష్ట్రంలో మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 అదే పార్టీకి దక్కాయి. ప్రజాస్వామ్యాన్ని కాపాడింది మేమేనని మనం గొప్పలు చెప్పుకునే వీలు లేదు. ఆ గెలుపు వేరేవాళ్లు మనకు పెట్టిన భిక్ష లాంటిది.

తరువాత జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. 1978 డిసెంబర్‌లో పార్లమెంటు 44వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. ‘ఆంతరంగిక కల్లోలం’ అన్న మాటను తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని మార్చింది. ఎంతటి అత్యవసర పరిస్థితిలోనైనా జీవించే హక్కును నిలిపివేయకూడదని రాసింది. దేశం ఊపిరి పీల్చుకుంది. కానీ అదే సంవత్సరం అక్టోబర్‌లో మన జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ‘కల్లోలిత ప్రాంతాలు’గా ప్రకటించారు. వెట్టికి, దొరల పెత్తనానికి ఎదురు తిరిగిన రైతు కూలీలు సెప్టెంబర్ 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిపి అప్పటికి కొన్ని వారాలే అయింది. 1948 నాటి చట్టాన్ని బయటికి తీశారు. గుమిగూడరాదన్న ఉత్తర్వును మీరినవారిని హెచ్చరించి కాల్చే అధికారం ఆ చట్టం ఎస్సైకి కూడా ఇస్తుంది. ఢిల్లీలో రాజ్యాంగం నుంచి తీసేసిన ‘కల్లోలం’ మన పల్లెల మీదికి దిగివచ్చింది. దేశానికి ముగిసిన అత్యవసర పరిస్థితి ఆ ఊళ్లకు అప్పుడే మొదలైంది.

మరో మూడేళ్లకు, 1981 ఏప్రిల్ 20న, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండులు సభ పెట్టుకోవాలనుకున్నారు. వారు అడిగింది తమ భూములకు పట్టాలు. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకూడదని 1/70 చట్టం అప్పటికే చెబుతోంది. భూమి మాత్రం పోతూనే ఉంది. సభకు అనుమతి నిరాకరించారు, వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అసలు సంఖ్య దానికి ఎన్నో రెట్లని పౌరహక్కుల సంఘాలు అన్నాయి. ఆ తరువాత ఎన్నో ఏళ్లపాటు ఏప్రిల్ 20 వస్తే చాలు, స్తూపం దగ్గరికి వెళ్లి తమవారి కోసం కన్నీరు పెట్టుకోవడానికి కూడా ఆంక్షలే. అప్పుడు దేశంలో అత్యవసర పరిస్థితి లేదు. ఎన్నికలు, కోర్టులు, పత్రికలు అన్నీ ఉన్నాయి.

రాజులు మొదటి గ్రంథం 21వ అధ్యాయం మనకు బాగా తెలిసినదే. నాబోతు ద్రాక్షతోట మీద అహాబు రాజు కన్నుపడింది. తోట దక్కించుకోవడానికి సైన్యం రాలేదు. యెజెబెలు రాజు పేరుతో తాకీదులు రాయించి ముద్ర వేసి పంపింది. ఉపవాస దినం చాటించారు, సాక్షులను నిలబెట్టారు, తీర్పు చెప్పారు. పైకి అంతా పద్ధతి ప్రకారమే నడిచింది. ఆ కథలో మన మనసును గుచ్చవలసినవారు యెజ్రెయేలు ఊరి పెద్దలు. వారిలో ఒక్కరు ఆ తాకీదును పక్కన పెట్టినా నాబోతు బతికేవాడేమో.

జర్మనీలోనూ ఇలాగే కాగితం మీదే మొదలైంది. 1933 ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మరునాడే కమ్యూనిస్టుల ముప్పు చూపించి, రాజ్యాంగంలోని అత్యవసర అధికారాన్నే వాడి, పౌరుల హక్కులను నిలిపివేశారు. ఆ ఉత్తర్వు హిట్లర్ పతనం దాకా అలాగే ఉంది. అక్కడి సంఘాల్లో చాలామంది సర్దుకుపోయారు. 1934లో బార్మెన్‌లో కొందరు సంఘనాయకులు మాత్రం సంఘానికి ప్రభువు క్రీస్తేనని, మరే నాయకుడూ కాడని ప్రకటించారు. పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. దీనికి భిన్నంగా, 2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు ఉత్తర కొరియా అనుకూల శక్తుల పేరు చెప్పి సైనిక పాలన ప్రకటిస్తే, జనం ఆ రాత్రే చట్టసభ ముందుకు వచ్చారు. సభ్యులు లోపలికి చేరి కొద్ది గంటల్లోనే ఆ ప్రకటనను తిరస్కరించారు. ముప్పు రెండు చోట్లా వచ్చింది, కానీ కొరియాలో పెద్దలూ ప్రజలూ తాకీదును పక్కన పెట్టారు.

రోమా పత్రిక 13వ అధ్యాయం చూపించి, అధికారులను ప్రశ్నించకూడదని మనలో కొందరు అంటారు. అధికారం దేవుడిచ్చినదైతే అది దేవునికి లెక్క చెప్పవలసినది కూడా. అహాబు ఎదుటికి ఏలీయాను పంపింది ఆ దేవుడే. అధికారుల కోసం ప్రార్థించడం, వారిని న్యాయం అడగడం రెండూ మన బాధ్యతే.

ప్రియ పాఠకులారా, మన ప్రార్థన కూటానికి అనుమతి రానప్పుడు, మన మందిరం పనికి ఎవరైనా అడ్డుపడినప్పుడు రాజ్యాంగం గుర్తొస్తుంది. మంచిదే. అయితే పక్క ఊరి కూలీల సభకు, గోండు గూడెంవారి సభకు అనుమతి రానప్పుడు కూడా అది గుర్తుకు రావాలి. వారు మన సంఘసభ్యులు కాకపోవచ్చు. నాబోతు కూడా ఏలీయాకు చుట్టం కాడు.

సంఘాల్లో 60 ఏళ్లు దాటినవారు ఆ రోజుల్లో తాము చూసినది యౌవనస్థులకు చెప్పాలి. జగిత్యాలలో, ఇంద్రవెల్లిలో ఏం జరిగిందో మన పిల్లలకు తెలియకుండా పోకూడదు. ఓటు అడగడానికి వచ్చేవారిని రోడ్లు, పథకాలతో పాటు ఇంకో మాట కూడా అడుగుదాం: మీ పాలనలో మారుమూల గూడెంలోని మనిషి మీకు ఎదురు చెప్పి క్షేమంగా ఇంటికి వెళ్లగలడా? వెళ్లగలిగితే మనమందరం క్షేమం. వెళ్లలేకపోతే ఆ తాకీదు రేపు మన గడపకూ వస్తుంది, అప్పటికి మన కోసం అడిగేవారు మిగలకపోవచ్చు.